కదలని మౌస్

జూన్ 2, మంగళవారం

మౌస్ పాడైంది. తెర మీద బాణం గుర్తు ఒకచోట నిలబడటం లేదు. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు తీసుకుంటోంది. ఫోటో పట్టుకుని పేపరు పేజీలోకి లాగితే దారిలో జారవిడుస్తోంది. సిస్టమ్స్ గదిలో చెప్పాను. కొత్తది ఇచ్చారు.

జూన్ 4, గురువారం

కొత్తదీ అంతే. ఒకే పెట్టెలో వచ్చిన సరుకై ఉంటుంది. సిస్టమ్స్ అతను నా కుర్చీలో కూర్చుని ఐదు నిమిషాలు వాడి చూశాడు.

"వెన్నలా పోతోంది కదండీ మేడమ్."

"నా దగ్గర పోవట్లేదు."

"రెండు ఎలుకల్ని చంపేశారు. మూడోదాన్నైనా కాస్త జాలిగా చూసుకోండి" అంటూ ఇంకోటి తీసిచ్చాడు. న్యూస్ డెస్క్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

జూన్ 5, శుక్రవారం

రోజుకు ఆరు టీలు తాగుతున్నాను. మూడుకు తగ్గించాలి.

జూన్ 6, శనివారం

సెలవు. ఇంట్లో కంప్యూటర్ మీద చూశాను. మా ఆయన బస్ డిపోలో టైమ్‌కీపర్. డ్యూటీ చార్టులు ఇంట్లోనే దాని మీద కొట్టుకుంటారు. ఆ మౌస్ వయసు పన్నెండేళ్లు. ఆయన చేతిలో మొరాయించడం ఒక్కనాడూ చూడలేదు. నా చేతిలో బాణం వణికింది.

ముప్ఫై ఏళ్లుగా నా పద్ధతి ఒకటే. ఒకరు చెబితే అది కబురు. ఒకరికొకరు తెలియని ఇద్దరు చెబితేనే వార్త. ఇప్పటికి ఆఫీసులో మూడు, ఇంట్లో ఒకటి, నాలుగు మౌస్‌లు చెప్పాయి.

వార్త ఇంకా రాయను. ఇంట్లో బల్ల కూడా కాస్త ఊగుతుంది.

జూన్ 8, సోమవారం

ఈ రోజు బాగుంది. మా పేజీలు కట్టే స్కేలమ్మ ఐదూ నలభైకి టీకి వెళ్లింది. ఐదో పేజీలో 'అస్తమయం' కింద ఉన్న ఫోటో మసకగా అనిపించింది. పోయినాయన మొక్కల నర్సరీ నడిపిన మనిషి. ఇంట్లోవాళ్లు మధ్యాహ్నం ఇంకో మంచి ఫోటో పంపారు. ఆవిడ వచ్చేదాకా ఆగకుండా నేనే ఆవిడ కుర్చీలో కూర్చుని మార్చేశాను. మా దగ్గర ఇది మామూలే. ఎవరూ లాగవుట్ చేయరు. ఎవరు లేస్తే వాళ్ల కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, పేజీ వెళ్లాలి అంతే. ఒకసారి జారింది, మళ్లీ పట్టుకున్నాను. ఆరుకు రెండు నిమిషాల ముందే పేజీ ప్రెస్‌కి వెళ్లిపోయింది.

నా బల్ల మీది మూడో మౌస్ కూడా మంచిదే.

జూన్ 9, మంగళవారం

ఉదయం పదిన్నరకు ఒకాయన డెస్క్ దగ్గరికి నేరుగా వచ్చారు. తెల్లజుట్టు, కళ్లజోడు. చేతిలో మా పేపరు.

"నమస్కారమమ్మా. పోయింది నేనే."

అందరూ ఆయన వంకే చూశారు. ఆయన పేపరు మడత విప్పి నా బల్ల మీద పరిచారు.

"చూడండి. మూడో పేజీలో జ్ఞాపిక అందుకున్నాను. ఐదో పేజీలో పోయాను. ఏ పేజీ ప్రకారం నడుచుకోవాలో మీరే చెబితే, మా ఇంట్లోవాళ్లకి చెప్పుకుంటాను."

రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఆదివారం పూర్వవిద్యార్థులు ఆయన్ని సన్మానించారు. ఆ వార్త మూడో పేజీది. ఐదో పేజీలో నర్సరీ ఆయన మరణవార్త పైన, ఫోటో మాత్రం ఈయనది.

"మా అక్కకి ఎనభై ఒకటి. పొద్దున మొదటి బస్సుకి పక్కూరి నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. నేనేమో వాకిట్లో గడ్డం గీసుకుంటున్నాను. వచ్చి, చూసి, చెంప ఛెళ్లుమనిపించింది. నురగంతా ఆవిడ చేతికే." అని నవ్వారు. కాసేపటికి నవ్వు ఆపారు. "ఆవిడ ఇంకా ఏడుపు ఆపలేదమ్మా. బతికే ఉన్నానుగా అంటే వినట్లేదు."

క్షమాపణ చెప్పాను. రేపు సవరణ వేస్తామని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన కాగితం చదవలేదు. రాస్తున్న చేతినే చూశారు.

"ముప్ఫై నాలుగేళ్లు పిల్లల చేత గీతలు గీయించాను. మీ గీత కుదురుగా లేదమ్మా. చూపించుకోండి" అన్నారు. నెమ్మదిగానే అన్నారు. ఎవరూ వినలేదనుకుంటాను.

పన్నెండుకు నర్సరీ ఆయన కొడుకు ఫోన్. కోపంగా మాట్లాడలేదు. "మా నాన్న ఫోటో మీ దగ్గరే ఉంది కదండీ. ఉన్నవాటిలో అదొక్కటే బాగా వచ్చింది. దాన్ని ఎందుకు వెయ్యలేదండీ?"

ఫోటోల వరసలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఇద్దరికీ కళ్లజోళ్లే.

జూన్ 9, సాయంత్రం

పెద్దాయన సిస్టమ్స్ రికార్డు తెప్పించారు. ఎడిటర్‌గారిని మేమంతా పెద్దాయన అంటాం, ఆయన ఎదుట కూడా. ఐదో పేజీలో చివరి మార్పు స్కేలమ్మ లాగిన్‌తో జరిగింది. ఐదూ నలభై ఆరు.

స్కేలమ్మ పదిహేడేళ్లుగా పేజీలు కడుతోంది. తెర మీద కొలత చూపించినా నమ్మదు, స్టీలు స్కేలు ఆనించి కాలమ్ వెడల్పు చూసుకుంటుంది. అందుకే ఆ పేరు. ఇప్పటికీ కాంట్రాక్టే. ఏటా జూన్ ముప్ఫైకి కొత్త కాగితం మీద సంతకం పెట్టాలి.

వాష్‌బేసిన్ దగ్గర నన్ను పట్టుకుంది.

"అక్కా, నేను టీ నుంచి వచ్చేసరికి పేజీ వెళ్లిపోయింది కదా. మీరు ఆ ఫోటో ఏమైనా ముట్టుకున్నారా?"

"పేజీ పంపాను, అంతే" అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అయితే నేనే పెట్టుంటాను. ఇద్దరూ ఒకేలా ఉన్నారు, నా దిక్కుమాలిన కళ్లు" అంది.

జూన్ 10, బుధవారం

సవరణ నేనే రాశాను. 'సాంకేతిక కారణాల వల్ల.' 

జూన్ 11, గురువారం

పెద్దాయన పిలిచి, పేజీ ఇన్‌చార్జ్‌గా నన్ను రాతపూర్వకంగా వివరణ ఇమ్మన్నారు. 20వ తేదీ గడువు. "మాస్టారు పెద్దమనిషి కాబట్టి సరిపోయింది. నీ కాగితం చూడకుండా ఆవిడ కాంట్రాక్టు పొడిగించమని పైవాళ్లకు నేనెలా చెప్పను? నువ్వు ఉన్నదున్నట్టు రాయమ్మా. నీ రిపోర్టు మీద నాకు అనుమానం ఉండదు" అన్నారు.

ఇంటికి వచ్చి చెయ్యి చూసుకున్నాను. బల్ల మీద ఖాళీగా పెడితే బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి, కనపడని గోలీ ఏదో దొర్లిస్తున్నట్టు. ఆపమంటే ఆగాయి. చూపు తిప్పగానే మళ్లీ మొదలు.

నాన్న ఆఖరి నాలుగేళ్లు కుడి చెయ్యి తొడ కింద పెట్టుకునే కూర్చున్నాడు. చలిగా ఉందనేవాడు. ఎండాకాలంలో కూడా.

జూన్ 12, శుక్రవారం

స్కేలమ్మ సెలవు పెట్టింది. కళ్ల డాక్టరు దగ్గరికట.

సిస్టమ్స్ అతన్ని నాలుగో మౌస్ అడిగాను. ఈసారి నవ్వలేదు. "మేడమ్, కదలని మౌస్ ఒకటుంటుంది. ట్రాక్‌బాల్ అంటారు. మౌస్ బల్ల మీదే ఉంటుంది, పైన బంతి తిప్పుతారు. మన స్టోర్స్‌లో లేదు. మీరే కొనుక్కోవాలి" అన్నాడు. ఎందుకు కావాలో అడగలేదు. అడిగి ఉంటే మణికట్టు నొప్పి అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

జూన్ 13, శనివారం

ఆఫీసుకు దూరంగా ఉన్న షాపుకి వెళ్లాను. కౌంటర్లో నా వయసావిడ. మూడు రకాలు పెట్టింది.

మొదటిది మామూలు మౌస్‌లాగే ఉంది, పక్కన చిన్న బంతి. దాన్ని బొటనవేలితో తిప్పాలి. రెండుసార్లు తిప్పి పక్కన పెట్టేశాను. ఎందుకో నచ్చలేదు.

ఎందుకో కాదు. బొటనవేలే కదా.

రెండోదానికి ఎనిమిది బటన్లు, బంతి చుట్టూ ఒక చక్రం. "వీడియోలు ఎడిట్ చేసేవాళ్లు తీసుకుంటారండీ" అంది ఆవిడ. చెయ్యి ఆనించగానే ఏవో రెండు నొక్కుకుని తెర మీద తెరిచినవన్నీ మూసుకుపోయాయి.

మూడోది సాదాది. వైరు ఉంది. మధ్యలో పెద్ద బంతి, నిమ్మకాయ కంటే పెద్దది. అటొక బటన్, ఇటొక బటన్. బంతి ఎర్రగా ఉంది. మా ఆఫీసు హాలు అవతలి గోడ నుంచి కూడా కనపడేంత ఎరుపు.

"ఇదే నల్లబంతిది లేదా?"

"లేదండీ. కంపెనీవాడు ఎరుపే పంపుతాడు. ఇంతకీ ఎవరికండీ?"

"మా నాన్నకి."

"వయసెంత ఉంటుంది?"

"డెబ్బై."

నాన్న పోయి పంతొమ్మిదేళ్లు. అరవై ఒకటికే పోయాడు.

"చెయ్యి వణుకుతుందా ఆయనకి?"

"కొద్దిగా."

"అయితే ఇదే తీసుకెళ్లండి. రెండు చేతులకీ పనికొస్తుంది. బంతి తిప్పి, కావలసిన చోట ఆపి, చెయ్యి పూర్తిగా తీసెయ్యమనండి. బాణం అక్కడే నిలబడుతుంది, ఎక్కడికీ పోదు. తర్వాత ఇంకో చేత్తో బటన్ నొక్కమనండి. ఏ చెయ్యండీ?"

"కుడి."

"ఎడమ చెయ్యి ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటే మంచిది. మా మామగారికి అలాగే చేయించాం. మొదట్లో తిట్లే తిట్లు. నెల తిరిగేసరికి పేకాట కూడా దాని మీదే. కంగారు పడొద్దని చెప్పండి మీ నాన్నగారితో."

"చెబుతాను" అన్నాను.

ప్యాక్ చేసి ఇచ్చింది. ఎడమ చేత్తో అందుకున్నాను.

జూన్ 15, సోమవారం

బ్యాగులోనే ఉంచాను. బయటికి తియ్యలేదు.

స్కేలమ్మ వచ్చింది. కళ్ల డాక్టరు అన్నీ బాగున్నాయన్నాడట. "ఆయనకేం తెలుసక్కా, చార్టులో అక్షరాలే చూపించాడు. ఫోటోలు చూపించలేదు" అంది. ఇప్పుడు ప్రతి ఫోటోనీ రెండుసార్లు పెద్దది చేసి చూసి, నన్ను పిలిచి మళ్లీ చూపిస్తోంది. "ఈయనేనా అక్కా? ఖాయమేనా?" ఈ రోజు పదకొండుసార్లు అడిగింది. పదకొండుసార్లూ ఖాయమేనన్నాను.

జూన్ 16, మంగళవారం

పెట్టాను. ముందు పెద్దాయనే చూశారు.

"ఏమిటమ్మా, ఆఫీసులో క్యారమ్స్ మొదలెట్టావా?"

"మణికట్టు నొప్పండి."

"స్ట్రైకర్ బాగుంది" అని వెళ్లిపోయారు.

గంటన్నర పని చేశాను. బంతి తిప్పాను, ఆపాను, చెయ్యి తీశాను. బాణం రాయిలా నిలబడింది. ఎడమ చేత్తో నొక్కాను. పంతొమ్మిది ఫోటోలు పెట్టాను. ఒక్కటీ జారలేదు.

అంటే నాలుగు మౌస్‌లూ బాగున్నాయి.

జూన్ 17, బుధవారం

భయంగా ఉంది.

జూన్ 18, గురువారం

వివరణ మొదటి ప్రతి: 'పని ఒత్తిడిలో ఫోటో మారిపోయింది.' ఎవరి చేతిలో మారింది? మొదటేడు ట్రైనీ ఇలా రాసుకొస్తే కాగితం తిప్పికొట్టేదాన్ని. ఎవరు లేని వాక్యం వార్త కాదు.

రెండో ప్రతి: 'ఆ సమయంలో సంబంధిత ఆపరేటర్ సీటులో లేరు.' నిజమే. ప్రతి మాటా నిజమే. చదివినవాళ్లు ఆవిడ పని వదిలి వెళ్లిందనుకుంటారు. అలా అనుకోవాలనే రాశాను. చించేశాను.

సాయంత్రం టీ తాగుతుంటే ఆయన అన్నారు, "సాసర్ తీసెయ్. కప్పు ఒక్కటే పెట్టుకో."

"ఎందుకు?"

"చప్పుడు."

"ఎప్పటి నుంచి వింటున్నారు?"

"ఏప్రిల్ ఆరు. సోమవారం." టైమ్‌కీపర్ కదా. "నువ్వు చెబుతావని చూస్తున్నాను."

"డెబ్బై మూడు రోజులు ఊరుకున్నారా?"

"నువ్వెన్ని రోజులు ఊరుకున్నావు?"

చెప్పలేదు. ఆఫీసు సంగతీ చెప్పలేదు. ఉద్యోగం పోతే ఏం చేస్తానని ఆయన్ని అడగాలనిపించింది. అడిగితే జవాబు వస్తుంది. అందుకని అడగలేదు.

జూన్ 19, శుక్రవారం

స్కేలమ్మ సొరుగు ఖాళీ చేసుకుంటోంది. ఇంకా పదకొండు రోజులున్నాయి కదా అంటే, "చివరి రోజున అందరి ముందూ సర్దుకోవడం నావల్ల కాదక్కా" అంది. స్టీలు స్కేలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఇది మీరుంచుకోండి. కళ్లే ఆనని దానికి కొలతలెందుకు?"

ఇంటికి తెచ్చాను. పోయినేడాది డైరీ తీసి కొలిచాను. అక్షరం ఎత్తు ఆరు మిల్లీమీటర్లు. ఈ నెలది నాలుగు. ఒకే పేజీలో పైన నాలుగుంటే కింద మూడు. ఇది రాస్తూ రాస్తూ ఆగి మళ్లీ కొలిచాను. మూడు కూడా లేదు.

ఇవన్నీ నా చేత్తో నేనే రాసిన కాగితాలు. సాక్ష్యం చాలు.

పోయేది ఆవిడ ఉద్యోగమో నాదో, ఒకటి. ఆవిడది పోతే దాంతోపాటు కళ్లు కూడా పోతాయి, మంచి కళ్లు.

జూన్ 20, శనివారం

సెలవైనా ఆఫీసుకు వెళ్లి వివరణ ఇచ్చాను. నకలు:

'జూన్ 8న సాయంత్రం 5.40కి ఆపరేటర్ టీ విరామానికి వెళ్లారు. ఆమె అమర్చిన ఫోటో సరైనదే. 5.46కి ఆమె సీటులో, ఆమె లాగిన్‌తో, ఆ ఫోటో మార్చింది నేను. పక్కనున్న ఫోటోను ఎంచుకున్నాను. మళ్లీ చూడకుండా పేజీ పంపాను. 9వ తేదీన ఆమె అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. 10వ తేదీ సవరణలో సాంకేతిక కారణాలని రాసింది నేనే. సాంకేతిక కారణాలు లేవు. నా కుడి చెయ్యి వణుకుతోంది.'

పెద్దాయన రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"డాక్టర్ దగ్గరికి వెళ్లావా?"

"లేదండి."

"వణుకు దేనివల్లో ఇందులో రాయలేదు."

"అది ఇంకా ధ్రువపడలేదు."

ఆయన నవ్వబోయి ఆగారు. "నిన్ను పేజీల మీద ఉంచలేనమ్మా."

"తెలుసండి."

"వార్తల కాపీ దిద్దుతావా?"

"దిద్దుతాను."

"సంగతి పైవాళ్లకి నేను చెప్పాలి. ఏమంటారో తెలియదు."

"ఆవిడ కాంట్రాక్టు?"

"ఈ కాగితం జతచేస్తే అడ్డేముంది?" అని పిన్ను కొట్టారు. తర్వాత అన్నారు, "ఇది పదో తేదీన ఇచ్చుంటే బాగుండేది."

స్కేలమ్మకు నేనే చెప్పాను. మెట్ల దగ్గర. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"పదకొండు రోజులు" అంది.

"అవును."

"డాక్టరు మీ కళ్లు బంగారమమ్మా అంటే ఆయన్ని తిట్టొచ్చాను. మా అమ్మాయి హోంవర్క్ దిద్దుతూ ఇది అయిదా ఆరా అని దాన్నే అడిగాను. ప్రతి ఫోటోకీ మిమ్మల్ని పిలిచాను. మీరొచ్చి చూసి, ఖాయమే అన్నారు."

కుడి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

"చెయ్యి వణికితే చెప్పొచ్చుగా. నేను పెట్టేదాన్నిగా ఫోటో. పదిహేడేళ్ల నుంచి చేస్తున్న పనేగా." కళ్లు తుడుచుకుంది. "వెళ్లండి మేడమ్."

మేడమ్ అంది.

జూన్ 22, సోమవారం

ఆయన డ్యూటీ మార్చుకుని వెంట వచ్చారు. డాక్టరు వేళ్లు ఒకదానికొకటి తాకించమన్నాడు. గదిలో అటూ ఇటూ నడిపించాడు. కాగితమిచ్చి సుడి గీయమన్నాడు, లోపలి నుంచి బయటికి. గీశాను. డ్రాయింగ్ మాస్టారు గుర్తొచ్చారు.

పేరు చెప్పాడు. రాస్తున్నాను: పార్కిన్సన్స్. అలాగే కనిపిస్తోంది, మందుకు చెయ్యి ఎలా స్పందిస్తుందో చూస్తే మరింత తెలుస్తుందన్నాడు. అంటే రెండో సాక్షి మందు. నాన్న సంగతి అడిగాడు, చెప్పాను. పెద్ద అక్షరాలతో రోజూ ఒక పేజీ రాయమన్నాడు.

బయటికొచ్చాక ఆయన అడిగారు, "భయంగా ఉందా?"

"ఉంది."

"నాకూ" అన్నారు. బస్సు ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆయన డిపోదే. గడియారం వంక కూడా చూడలేదు.

జూన్ 24, బుధవారం

పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. అందుకే ఈ రోజుకి మూడు పేజీలు పట్టేలా ఉంది.

నా సీటు కాపీ దిద్దేవాళ్ల వరసలోకి మారింది. స్కేలమ్మకు ఎదురుగా. పైవాళ్ల నుంచి నా సంగతి ఇంకా ఏమీ తేలలేదు. మంచి ఫోటోతో నర్సరీ ఆయన మరణవార్త, కొత్త సవరణ ఈ రోజు వచ్చాయి. అందులో 'మా సిబ్బంది పొరపాటు' అని ఉంది. మాస్టారు ఫోన్ చేసి, "ఇప్పుడు నిజంగా బతికానమ్మా, అక్క భోంచేసింది" అన్నారు. చెయ్యి చూపించుకున్నారా అని అడిగారు. చూపించుకున్నానన్నాను.

స్కేలమ్మ కొత్త కాగితం మీద సంతకం పెట్టింది. మధ్యాహ్నం వచ్చి, "నా స్కేలు ఇచ్చెయ్యండి మేడమ్" అంది. ఇచ్చాను. తీసుకుని వెళ్లి వెంటనే తెరకు ఆనించి ఏదో కొలిచింది.

ఐదూ నలభైకి టీకి లేచింది. లేచే ముందు లాగవుట్ చేసింది. నేను చూస్తుండగానే. మా హాల్లో ఆ పని ఎవరైనా చేయడం ఇదే మొదటిసారి. పక్క సీటువాళ్లు కూడా గమనించారు. తప్పు లేదు. చేయాల్సిందే.

తిరిగొచ్చేటప్పుడు రెండు గ్లాసులు తెచ్చింది. ఒకటి నా బల్ల మీద, ఎర్రబంతి పక్కన పెట్టింది. తన గ్లాసు నిండుగా ఉంది. నాది సగానికే పోయించింది.

ఇన్నాళ్లూ టీ వస్తే చల్లారనిచ్చి, అందరూ లేచాక తాగేదాన్ని. ఈ రోజు వేడిగా ఉండగానే కుడి చేత్తో ఎత్తాను. అందరి ముందే వణికింది. సగమే కాబట్టి ఒలకలేదు.